ఇంట తరిమెన పని: క్షేమము, సౌఖ్యము

(తుష్నాబాదులో జరిగిన తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో సాధారణముగా సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. నేడు నేను ఒక చేతిపనిని గూర్చి మాటలాడ సమకట్టితిని. దానికి కారణము లేకపోలేదు. ఈ దక్షిణ అండమానులో, ఫెర్రార్‌గంజ్ తాలూకాకు చెందిన ఈ తుష్నాబాదు వంటి గ్రామములలోను, శ్రీవిజయపురములోని క్వార్టర్లలోను మన తెలుగు ఉద్యోగులు కొందరు సెలవుదినములందు తరిమెన పని నేర్చుకొనుచున్నారు. విశ్రాంతి జీవితమునకు దగ్గరపడినవారు మరికొందరు నేర్చుకొనవలెనని ఉత్సాహపడుచున్నారు. చిన్న మోటారుతో నడుచు తరిమెనను నేడు బల్లమీద అమర్చుకొనుట కష్టము కాదు. కాని దానిని కొనుటకు ముందు ఎన్ని ప్రశ్నలు అడుగుదుమో, దానియెదుట నిలుచుటకు ముందు అన్ని ప్రశ్నలు అడుగుట లేదు. ఆ లోటును తీర్చుటయే నా ఉద్దేశము.

తరిమెన అన్న మాట చిన్నవారికి క్రొత్తగా తోచవచ్చును. లేతు అన్నచో అందరకు తెలియును. కొయ్యను రెండు మొనల నడుమనో, ఒకవైపున బిగించియో గిరగిర త్రిప్పుచు, ఉలిని ఆనించి గుండ్రముగా చెక్కు యంత్రమది. మంచపుకోళ్ళు, పిల్లల బొంగరములు, పప్పుగుత్తులు, కుంకుమభరిణెలు, ఊయలబల్లల గొలుసులకు తగిలించు గుండ్లు, ఇవన్నియు తరిమెన బిడ్డలే. తక్కిన వడ్రంగములో కొయ్య నిలిచియుండును, పనిముట్టు కదలును. తరిమెనలో పనిముట్టు నిలిచియుండును, కొయ్య కదలును. ఈ ఒక్క తేడాను మనసున పట్టించుకొన్నచో నేను చెప్పబోవు జాగ్రత్తలలో సగము తమంతట తామే తెలిసిపోవును. రంపముతో కోయునపుడు బలము మన చేతిలో ఉండును. మనము ఆపిన అది ఆగును. తరిమెనలో బలము మోటారుది. మనము వెనుకకు తగ్గినను అది తిరుగుచునే యుండును.

ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామము దీనికి ప్రసిద్ధి. పూర్వము విశాఖపట్టణము జిల్లాలో ఉండి, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఆ గ్రామమున అంకుడు కర్రను తరిమెనపై పట్టి, తిరుగుచున్న బొమ్మకు లక్కకడ్డీని ఒరపెట్టుదురు. ఆ రాపిడి వేడికే లక్క కరగి రంగు అంటుకొనును. పిదప మొగలియాకుతో నునుపు చేయుదురు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పసుపు, నీలిమందు, జాఫరా మొదలైన సహజ వర్ణములను మరల వాడుకలోనికి తెచ్చుటకు కృషిచేసిన శ్రీ సి. వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ వీధిలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఊరేగినవి ఆ బొమ్మలే. విశాఖనుండి ఓడనెక్కి ఈ దీవులకు వచ్చిన మనవారిలో అనేకుల ఇండ్లలో అలమరమీద ఏటికొప్పాక భరిణె ఒకటి తప్పక ఉండును.

అయితే ఒక సంగతి గమనింపవలెను. ఏటికొప్పాక పనివాని చేతిలోని అంకుడు కర్ర మెత్తనిది, తెల్లనిది, నారు సన్ననిది. అతడు చేయు వస్తువు సాధారణముగా అరచేతిలో ఇముడునది. చిన్ననాటినుండి తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చిన విద్య అది. మన సంగతి వేరు. మనము నలుబది ఏండ్లకో, అరువది ఏండ్లకో ఆరంభించుచున్నాము. మనకు దొరకునది పడాకు వంటి గట్టికర్ర. మన కోరిక పెద్ద పళ్ళెముమీదను, పూలకుండీమీదను. ప్రక్కన గురువు లేడు. కనుక అతనికి చేతివాటముగా వచ్చిన జాగ్రత్తను మనము బుద్ధిపూర్వకముగా అలవరచుకొనవలెను.

మనము ప్రభుత్వోద్యోగులము, కనుక చట్టముతో ఒక పోలిక చెప్పెదను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములో 22వ సెక్షను, తిరుగుచున్న యంత్రముల చెంత పనిచేయువాడు ఒంటికి అంటియుండు దుస్తులు ధరింపవలెనని విధించినది. కంటికి తునకలు తగులు ప్రమాదమున్న పనులలో తెరలో, కండ్లద్దములో ఏర్పాటు చేయవలెనని 35వ సెక్షను నిర్దేశించినది. 2020లో వచ్చిన వృత్తి భద్రతా సంహిత కూడ అట్టి రక్షణనే ఉద్దేశించినది. ఫ్యాక్టరీలో పనిచేయు కూలివానికి ఇట్లు చట్టము అండగా నిలిచినది, తనిఖీ చేయు అధికారి కలడు. మన ఇంటి వసారాలోనికి ఏ ఇన్‌స్పెక్టరును రాడు. అక్కడ యజమాని మనమే, కూలి మనమే, తనిఖీదారు కూడ మనమే కావలెను. నేటి నా మాటల సారమంతయు ఇదియే. మరియొక మాట కూడ చేర్చెదను. ఈ తనిఖీ మన సౌఖ్యమునకు విరోధి కాదు. తరిమెన దగ్గర శరీరమునకు ఏది హాయియో, చాలవరకు అదియే క్షేమము. నడుము నొచ్చుచున్నవాని చేయి వణకును. చెమట కంటిలో పడినవాడు ఉలి మొనను చూడలేడు. అలసినవాడు తొందరపడును.

మొదట వేగమును గూర్చి. పది అంగుళముల అడ్డుకొలత, మూడంగుళముల మందము గల పడాకు దిమ్మె సుమారు 3 కిలోలు తూగును. అది నిమిషమునకు 900 చుట్లు తిరిగినచో దాని అంచు గంటకు 43 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచుండును. 2000 చుట్లు త్రిప్పినచో ఆ వేగము 96 కిలోమీటర్లగును. వేగము రెండింతలకు కొంచెము మించినంతనే, దిమ్మెను పట్టునుండి లాగివేయ జూచు బలము దాదాపు 5 రెట్లగును. అందుచేత పనివారు ఒక లెక్కను వాడుదురు. అడ్డుకొలతను అంగుళములలో తీసికొని, చుట్ల సంఖ్యతో గుణించినచో వచ్చు మొత్తము 6000 కును 9000 కును నడుమ ఉండవలెను. పది అంగుళముల పళ్ళెమునకు 600 మొదలు 900 వరకు. మూడంగుళముల భరిణెకు 2000 మొదలు 3000 వరకు. ఇది గుండ్రముగా, తూకము సరిపడిన కొయ్యకు చెప్పిన లెక్క. బెరడుతోను, మూలలతోను ఉన్న దిమ్మెను మొదట ఎక్కించినపుడు యంత్రమునకు గల మిక్కిలి తక్కువ వేగముతో ఆరంభించి, అదురు తగ్గిన పిదపనే మెల్లగా హెచ్చింపవలెను. బల్ల అదరుచున్నదనగా, వేగము తగ్గింపుమని యంత్రము చేయు విన్నపమే అది.

మీట నొక్కుటకు ముందు చేయవలసిన పనులు నాలుగు. కొయ్యను చేతితో ఒక పూర్తి చుట్టు త్రిప్పి ఎక్కడను తగులుట లేదని చూడవలెను. కొయ్యను పట్టియుంచు చక్కును బిగించిన తాళపుచెవిని తీసి దాని చోట పెట్టవలెను. మరచిన చెవి మీట నొక్కగానే బాణమువలె ఎగురును. బిగింపులన్నియు మరల సరిచూడవలెను. చివరకు, కొయ్యకు ఎదురుగా కాక ప్రక్కకు జరిగి నిలిచి మీట నొక్కవలెను. దిమ్మె ఊడినను, చీలినను, అది తాను తిరుగుచున్న వరుసలోనే పోవును. ఆ వరుసలో మన ముఖముండరాదు, మన పిల్లలుండరాదు. తరిమెనను ఎక్కడ అమర్చవలెనో కూడ ఈ సూత్రమే చెప్పును. ఇంటివారు నడచు గుమ్మమునకు సూటిగా దానిని ఉంచరాదు.

ఇక కొయ్య. ఈ దీవుల సంపద ఇదియే. చాతమ్ రంపపు మిల్లు 1883లో స్థాపింపబడినది. 1942లో బాంబులు పడినను తిరిగి లేచి నిలిచినది. అక్కడి అటవీ ప్రదర్శనశాలలో ఈ దీవుల కొయ్యలతో చేసిన పనితనమును మీలో పలువురు చూచియుందురు. పడాకు మన రక్తచందనమునకును, వేగిసకును దగ్గరి చుట్టము. కోకో అని ఇక్కడివారు పిలుచునది మన దిరిసెనయే. నలుపు, బూడిద చారలు గల మార్బుల్ కర్ర మన తునికి జాతిది. 2002లో సుప్రీంకోర్టు ఉత్తరువు పిదప ఇక్కడి సహజారణ్యములలో చెట్లను కొట్టుటపై గట్టి కట్టుబాట్లు ఏర్పడినవి. కనుక రసీదు గల కొయ్యనే వాడుట ఉద్యోగి ధర్మము. పాత ఇండ్ల దూలములు, తోటలో కాపుడిగిన కొబ్బరిమానులు, కొమ్మలు నరికిన దిరిసెన ముక్కలు మన అభ్యాసమునకు చాలును.

కాని ప్రతి కొయ్యయు తరిమెనకు తగినది కాదు. పాత దూలములో విరిగిన మేకు దాగియుండును. ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన మ్రానులో ఇసుక, గుల్లలు ఇరికియుండును. ఇవి ఉలి పదునును క్షణములో చెరచును, కొన్నిసార్లు తునకలై ఎగురును. బీటలు వారిన కొయ్య, వదులైన ముడి గల కొయ్య, పురుగు తొలిచిన కొయ్య, వీటిని పొయ్యికి వదలుట మేలు. వెలుగులో నలువైపుల త్రిప్పి చూడుడు. వ్రేలి కణుపుతో తట్టి వినుడు. గట్టి కొయ్య గణగణ పలుకును, లోపల చీలినది బొత్తుగా పలుకును. కొబ్బరిమాను వెలుపల ఇనుమువలె గట్టిగా, నడిమిభాగమున దూదివలె మెత్తగా ఉండును. దాని నడిమిభాగమున బిగించిన మర నిలువదు. ఈ దీవులలో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము పడును. గాలి ఎల్లప్పుడు చెమ్మగా ఉండును. పచ్చికొయ్య ఇక్కడ ఆలస్యముగా ఆరును, బూజు పట్టును. కోసిన చివరలకు మైనము పూసి, నేలకు తగులకుండ, గాలి ఆడు నీడలో పేర్చినచో బీటలు తగ్గును. మొన్న దిట్టముగా నున్న దిమ్మెలో నేడు క్రొత్త బీట పుట్టియుండవచ్చును. కనుక ఎక్కించిన ప్రతిసారియు మరల చూడవలెను.

మూడవది దుస్తులు. ఇచ్చట మన అలవాట్లే మనకు శత్రువులు కాగలవు. వ్రేలాడు లుంగీ, భుజముమీది కండువా, బొత్తాములు లేని చొక్కాచేతులు, మెడలోని గొలుసు, జందెము, చేతిగడియారము, ఉంగరము, వీటిలో ఏది తిరుగు కొయ్యకు చుట్టుకొన్నను మనిషిని లోనికి లాగును. సోదరీమణులలోను ఈ పనియందు ఆసక్తి గలవారున్నారు. వారు పమిటను బిగించి దోపుకొని, జడను ముడిచి, గాజులను, మంగళసూత్రమును రవికలోపలకు గాని, అందని చోటునకు గాని చేర్చుకొనవలెను. చేతితొడుగులు వేసికొనుట క్షేమమని కొందరనుకొందురు. తరిమెన దగ్గర అది తలక్రిందులైన నమ్మకము. గీరుకొనిన చర్మము మానును. తొడుగును పట్టుకొన్న కొయ్య చేతినే లాగుకొనిపోవును. కాళ్ళకు చెప్పులు చాలవు. జారిపడిన ఉలి మొన క్రిందికే దిగును. మూసియున్న బూట్లు కావలెను. కండ్లకు గట్టి అద్దములు, పళ్ళెములు చెక్కునపుడు ముఖమంతయు కప్పు పారదర్శక కవచము తప్పనిసరి. చదువుకొను కండ్లజోడు ఆ పనికి రాదు.

నునుపు చేయునపుడు కూడ ఇదే సూత్రము. ఏటికొప్పాకవారి మొగలియాకు ఈ తీరములందును దొరకును. ఆకునైనను, ఉప్పు కాగితమునైనను వ్రేలికి చుట్టుకొనరాదు. కొయ్య లాగినచో చేతిలోనుండి జారిపోవునట్లు, వ్రేళ్ళ కొనలతో, కొయ్య క్రిందిభాగమున తేలికగా పట్టవలెను. మెరుగునూనె రాయుటకు గుడ్డ వలదు, చినిగిపోవు మెత్తని కాగితము వాడుడు. గుడ్డ చినుగదు, చుట్టుకొనును. ఉప్పు కాగితము పట్టుటకు ముందు ఉలిని ఆనించు ఇనుపదిమ్మెను పూర్తిగా ప్రక్కకు తొలగింపవలెను. లేనిచో వ్రేళ్ళు దానికిని కొయ్యకును నడుమ చిక్కును.

నాలుగవది ఉలి, నిలుకడ. మొద్దు ఉలి పదునైన ఉలికంటె ప్రమాదకరము. మొద్దుదానిని బలముగా త్రోయవలసివచ్చును. త్రోసిన చేయి అదుపు తప్పును. పేళ్ళు పొడవుగా మెలికలు తిరుగుచు రాలుచున్నంతసేపు పదునున్నదని తెలియును. పొడి రాలుట మొదలైనచో సానరాతి దగ్గరకు పోవలసిన వేళ. ఉలిని మొదట ఆనుదిమ్మెపై ఉంచి, తరువాత దాని ఏటవాలు భాగమును కొయ్యకు ఆనించి, పిదప మెల్లగా పిడిని ఎత్తుచు మొనను తగిలింపవలెను. ముందు కొయ్యను తగిలి పిదప దిమ్మెను వెదకు ఉలి క్రిందికి కొట్టుకొనిపోవును. ఆనుదిమ్మె కొయ్యకు దగ్గరగా, 3 మొదలు 5 మిల్లీమీటర్ల ఎడములో ఉండవలెను. కొయ్య సన్నబడినకొలది ఎడము పెరుగును. అపుడు యంత్రమును ఆపియే దిమ్మెను జరుపవలెను. కొలత తీయుటకైనను ఆపవలెను. అర నిమిషము మిగిల్చి ఏ ఆఫీసు పని కొరకు దాచెదము?

ఎత్తు విషయమున ఒక సులభమైన కొలత కలదు. చేయి మడిచి నిలిచినపుడు మోచేయి ఎక్కడ ఉండునో, తిరుగు కొయ్య నడిమిగీత అక్కడ ఉండవలెను. తక్కువ ఎత్తైనచో వంగి వంగి నడుము పట్టును. ఎక్కువైనచో భుజములు పైకెత్తి మెడ నొచ్చును. బల్ల తక్కువైన కాళ్ళక్రింద దిమ్మెలు పెట్టి ఎత్తుడు. ఎక్కువైన మనము నిలుచుటకు కదలని గట్టి పీట వేసికొనుడు. పాదములు భుజముల వెడల్పున ఎడముగా ఉంచి, ఉలిపిడిని తుంటికి ఆనించి, చేతులను ఆడించుటకు బదులు శరీరమును మెల్లగా ఊపుచు చెక్కినచో అలసట సగము తగ్గును. కాళ్ళక్రింద రబ్బరుచాప మడమలకు హాయి. వెలుతురు ప్రక్కనుండి పడవలెను. అపుడు గీతలు, గుంటలు నీడలుగా కానవచ్చును. గంటసేపు పని, పావుగంట విరామము మంచి పద్ధతి. ఆఫీసునుండి అలసి వచ్చిన సాయంకాలము తరిమెనకు తగిన వేళ కాదు. ఆదివారము ఉదయము, ఎండ ముదరకముందు, తగిన వేళ.

ఐదవది ధూళి. తక్కిన ప్రమాదములు క్షణములో జరుగును. ఇది ఏండ్ల తరబడి జరుగును, కనుకనే మనము దీనిని తేలికగా చూతుము. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్యధూళిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గములో చేర్చినది. ముక్కులోపలి భాగములకు సోకు వ్యాధి అందు ముఖ్యము. ఏండ్ల తరబడి దట్టమైన ధూళిలో బ్రతికిన కార్మికులలో కనుగొన్న సంగతి అది. వారమున రెండు గంటలు పనిచేయువారు గుండె బాదుకొననక్కరలేదు, నిర్లక్ష్యము మాత్రము చేయరాదు. పడాకు ధూళి కొందరికి కండ్లమంట, తుమ్ములు, చర్మముపై దద్దుర్లు కలిగించును. మరియొక విచిత్రము కలదు. కొన్ని ఏండ్లు ఏ బాధయు లేక పనిచేసినవానికి ఒకనాడు హఠాత్తుగా పడకపోవచ్చును. ఆ పిదప కొంచెము ధూళికే ఊపిరి పట్టును. ఉబ్బసము గలవారు వైద్యుని అడుగకుండ ఈ పనికి దిగరాదు.

కంటికి కానవచ్చు పేళ్ళు హాని చేయవు, నేల రాలును. కంటికి కానరాని సన్నపొడియే గాలిలో చాలసేపు తేలుచు ఊపిరితిత్తులకు చేరును. అది హెచ్చుగా పుట్టునది ఉప్పు కాగితము పట్టునపుడు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకొనుట చాలదు. ఎన్ 95 వంటి, ముఖమునకు సందు లేకుండ ఒదిగిన ముసుగు కావలెను. పంఖాను మన వెనుకనుండి కిటికీవైపు వీచునట్లు పెట్టినచో చెమటయు ఆరును, ధూళియు వెలుపలికి పోవును. ఎదుటనుండి వీచినచో ధూళి మన ముఖముననే కొట్టును. పని ముగిసిన పిదప పొడి చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడువవలెను. ముసుగును తుడుచుట పూర్తియగువరకు తీయరాదు. ఆ దుస్తులతోనే వచ్చి పిల్లలను ఎత్తుకొనరాదు. స్నానము చేసి భోజనమునకు కూర్చుండుట మన పెద్దల ఆచారము, ఇక్కడ అది వైద్యము కూడ.

ఆరవది విద్యుత్తు. ఈ దీవులలో కరెంటు పోవుట, మరల వచ్చుట క్రొత్త కాదు. పని నడుమ కరెంటు పోయినచో కొయ్య ఆగును. మనము ఉలి పెట్టి, కొయ్యను చేతితో తడవి చూతుము. ఆ క్షణమున కరెంటు వచ్చినచో యంత్రము తనంతట తాను తిరుగుట మొదలిడును. కనుక కరెంటు పోయిన వెంటనే మొదటి పని మీటను ఆర్పుట. కరెంటు పోయినపుడు తానే విడిపోయి, మరల నొక్కువరకు కలియని మీటలు దొరకును. కొనునపుడు అట్టిదానినే అడుగుడు. మోటారుకు నేలతీగ తప్పక ఉండవలెను. చెమ్మగాలిలో తీగల తొడుగులు పాడగును, కనుక లీకేజి కనిపెట్టి ఆపు బ్రేకరును ఎలక్ట్రీషియనుచేత పెట్టించుడు. వసారాలో వానజల్లు పడుచోట, తడినేలపై తరిమెనను నడుపరాదు.

ఏడవది నిప్పు. అవిసెనూనె వంటి ఆరు నూనెలతో తడిసిన గుడ్డలను, కాగితములను ముద్దగా చుట్టి మూల పడవేసినచో, నూనె ఆరునపుడు పుట్టు వేడి లోపలనే నిలిచి, ఏ అగ్గిపుల్లయు లేకయే అంటుకొనును. ప్రక్కన పేళ్ళ కుప్ప ఉన్నచో చెప్పనక్కరలేదు. మన దీవులలో కొయ్యయిండ్లు ఇప్పటికిని తక్కువ కాదు. అట్టి కాగితములను ఆరుబయట విడివిడిగా పరచి ఆరవేయుడు, లేదా నీటిలో ముంచి పిదప పారవేయుడు. ఒక బకెట్టు ఇసుకను గుమ్మము దగ్గర ఉంచుకొనుడు.

చివరగా, ఇంటిని గూర్చి ఒక మాట. ఇంటివారెవరును లేని వేళ తరిమెనను నడుపవద్దు. మీ పిలుపు వినువారొకరు ఉండవలెను. పనిలో ఉన్నపుడు వెనుకనుండి వచ్చి భుజము తట్టరాదని పిల్లలకు నేర్పుడు. ఎదుటికి వచ్చి, యంత్రము ఆగువరకు నిలిచి పలుకరింపవలెను. పని ముగియగానే ప్లగ్గు ఊడదీసి ఎత్తున పెట్టుడు. గాయమైనచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా పది నిమిషములు వదలక అదిమి పట్టి, చేయి పైకెత్తి ఉంచవలెను. కంటిలో తునక గ్రుచ్చుకొన్నచో నలుపరాదు, పెరుకరాదు. కన్ను నొక్కుకొనకుండ పైన మూత వంటిదానిని కప్పి ఆసుపత్రికి పోవలెను. వ్రేలు తెగినచో దానిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో మూసి, ఆ సంచిని మంచుపై ఉంచవలెను. తెగిన వ్రేలికి మంచు నేరుగా తగులరాదు. 112 సంఖ్య అందరకు నోటికి రావలెను. ఇక్కడినుండి పెద్దాసుపత్రికి శ్రీవిజయపురము పోవలెను. అక్కడను కాని శస్త్రచికిత్సకు సముద్రము దాటవలెను. అనకాపల్లిలో ఉన్నవానికి విశాఖ ప్రక్కనే ఉన్నది. మనకు నడుమ బంగాళాఖాతము ఉన్నది. ప్రధాన భూమిలో పదిపాళ్ళు జాగ్రత్త చాలిన చోట ఇక్కడ ఇరువదిపాళ్ళు కావలెననుట అందుచేతనే.

మీలో ఎవరైనను, "అయ్యా, తరిమెన నేర్పుదురని వచ్చితిమి, మీరు దానిని మాన్పించుచున్నారే" అనవచ్చును. నా అభిప్రాయము అది కాదు. సైకిలు నేర్చువానికి బ్రేకు చూపినవాడు సైకిలు ఎక్కవద్దనలేదు గదా! ఫైళ్ళ నడుమ బ్రతుకు గడుపు మనకు, ఒక పని తన కండ్లయెదుట మొదలై తన కండ్లయెదుట ముగియుట ఎంత అరుదైన సంతోషమో నాకు తెలియును. మొద్దువంటి పడాకు దిమ్మెలోనుండి ఎర్రని నారుతో గిన్నె మెరయుచు బయటపడినపుడు కలుగు తృప్తి పదవీ విరమణ పిదపను చెడదు. ఆ తృప్తి పది కాలములపాటు మనకు దక్కవలెనన్నచో చేతులు పది వ్రేళ్ళతో, కండ్లు చూపుతో, ఊపిరి నిండుగా మిగిలియుండవలెను. మనమీద ఆధారపడిన ఇల్లాలు, పిల్లలు, వృద్ధులైన తలిదండ్రులు ఆ గిన్నెను చూచి సంతోషింతురు. కాని వారికి కావలసినది గిన్నె కాదు, దానిని చేసిన చేతులు.

కనుక చిన్నదానితో ఆరంభింపుడు. మొదట పప్పుగుత్తి, పిదప బొంగరము, ఆ పిదప భరిణె, సంవత్సరము గడచిన పిదప పళ్ళెము. "నిదానమే ప్రధానము" అని పెద్దలు చెప్పినది తరిమెనను చూచియే చెప్పినట్లుండును. సెలవుల్లో ఊరికి పోయినపుడు వీలైనచో ఏటికొప్పాక దారి పట్టి, ఒక పూట ఆ పనివారి చేతులను చూచి రండు. వచ్చు సంవత్సరము మన సమావేశమున మీరు చేసిన వస్తువులను ఒక బల్లపై పెట్టి అందరకు చూపవలెనని కార్యవర్గమువారికి నా మనవి.